చిత్రకథల కర్తృత్వమును గూర్చిన విచారము

ఆంగ్లభాషలోఁ 'గామిక్సు' అనఁబడు బొమ్మలకథలను మన పాఠశాలల పిల్లలు బాగుగ నెఱుఁగుదురు. వానినుండి పుట్టిన చలనచిత్రములను వారి తండ్రులును జూచుచున్నారు. కావున వానిం గూర్చి యాంగ్లదేశమునఁ బొడమిన యొక వివాదమును బండితులు విచారించుట యసంగతము కాదు.

అలన్ మూరు అను రచయిత 1953లో నార్తాంప్టను పట్టణమున జన్మించెను. మొదటఁ జిత్రకథలచేతను, పిదప 'వాయిస్ ఆఫ్ ది ఫైర్' (1996), 'జెరూసలేం' (2016) అను నవలలచేతను బ్రసిద్ధి గాంచెను. ఈతఁడు 2022 అక్టోబరున 'గార్డియన్' పత్రికవారితో సంభాషించుచు, మహావీరుల చిత్రకథల ననుసరించిన చలనచిత్రములకై పెద్దలు బారులు తీఱి నిలుచుట భయావహమనియు, సరళమైన బాల్యమునకు మరలిపోవలెనను నిట్టి కోరిక నియంతృత్వమునకుఁ ద్రోవ తీయవచ్చుననియు నభిప్రాయపడెను. అభిమానులు సహింపరైరి. వారి యాక్షేపములు ముఖ్యముగా రెండు. ఈతని కీర్తికిఁ గారణమైన పాఠకులనే యీతఁడు నిందించుచున్నాఁడనునది మొదటిది. పరుల పాత్రలఁ దీసికొని కథ లల్లినవాఁడు తన కథను బరులు తీసికొన్నపు డేల కినియవలె ననునది రెండవది. ఈ రెండవదానికి బలము లేకపోలేదు. 'లీగ్ ఆఫ్ ఎక్స్‌ట్రార్డినరీ జెంటిల్‌మెన్' అను నీతని కథలో వెర్ను, స్టోకరు, వెల్సు, స్టీవెన్‌సను మున్నగువారి పాత్రలే నాయకులై నడచుచున్నవి.

అయినను మూరుని కోపమునకు మూలము వేఱు. 'వాచ్‌మెన్' అను కథ 1986-87 సంవత్సరములలోఁ బండ్రెండు సంచికలుగా వెలువడెను. రచన మూరునిది, బొమ్మలు డేవ్ గిబ్బన్సువి. పుస్తకము ముద్రణ నిలిచిన పిమ్మట హక్కులు వీరిరువురకు మరలివచ్చునని యొడంబడిక. పుస్తకమునకు గిరాకి తఱుగలేదు, ప్రకాశకులు ముద్రణ మానలేదు, హక్కులు మరలిరానేలేదు. గ్రంథము గొప్పదగుటయే గ్రంథకర్తకు నష్టహేతువైనదన్నమాట! ఇట్టి యొడంబడికను మన మీమాంసకులు చూచియుండినచో నొక యధికరణమే వ్రాసియుందురు. పిదప 'వి ఫర్ వెండెటా', 'వాచ్‌మెన్' చలనచిత్రములు వెలువడినపుడు మూరుఁడు తన పేరు ప్రకటింపవలదని కోరి, తనకు రావలసిన ధనమును జిత్రకారులకే విడిచెను.

ఇచట వ్యాకరణము మనకుఁ దోడ్పడును. స్వతంత్రుఁడైన వానికే పాణిని కర్తృసంజ్ఞఁ జేసెను; అట్టివానిని బ్రేరేపించువానికి హేతుసంజ్ఞతోఁ గర్తృసంజ్ఞయుఁ గలదు. చేసినవాఁడును గర్తయే, చేయించినవాఁడును గర్తయే. చలనచిత్రమును దర్శకుఁడు చేసెను, సంస్థవారు చేయించిరి. మూరుఁడు చేయనులేదు, చేయింపనులేదు. కావున నా చిత్రమునకుఁ దాను గర్త గానను నాతని మాట శాస్త్రసమ్మతమే. అంతమాత్రమున రూపాంతరము దోషమని చెప్పరాదు. భారతమందలి శకుంతలాకథకుఁ గాళిదాసు దుర్వాసశ్శాపముఁ జేర్చెను. రసమున కనుగుణము కాని ప్రాచీనకథాంశమును విడిచి వేఱొకటి కల్పింపవచ్చునని యానందవర్ధనుఁడు స్పష్టముగా ననుజ్ఞ యిచ్చెను. నన్నయ మొదలు మన వాఙ్మయమే యిట్టి రూపాంతరములపై నిలిచినది.

పెద్దలు బొమ్మల కథలఁ జూచుట పసితనమను మాటను మాత్రము నేనంగీకరింపను. మా ఖానాపురమునకుఁ బొరుగుననున్న నిర్మలలో నకాషీవారు కొయ్యబొమ్మలకును జిత్రములకును బ్రసిద్ధులు. చేర్యాలలో నదే వృత్తివారు నిలువైన పటములపై పురాణములను వరుసగా వ్రాయుదురు. ఆ పటము నెదుటఁ బెట్టి కూనపులివారు పద్మశాలీలకుఁ గులపురాణమును గానము చేయుదురు. అది వినువారు గృహస్థులు, వృద్ధులు. బాలురు మాత్రమే కారు. ఆ కథ యే సంస్థకును సొమ్ము కాదు, దానికి నొడంబడిక లేదు. మూరుఁడు నిందింపవలసినది బొమ్మలను గాదు, చూచువారిని గాదు, ఆ సొమ్మరితనమునే యని నాకుఁ దోఁచుచున్నది. అభిమానులపై వేసిన నింద గుఱి తప్పినది.

అభిమానుల పక్షమున మహాభాష్యకథ యొకటి స్మరణీయము. ఒక వైయాకరణుఁడు రథమునకుఁ బ్రవేత యెవ్వఁడని యడుగఁగా, సూతుఁడు తాను బ్రాజితనని బదులు చెప్పెను. అది యపశబ్దమని వైయాకరణుఁ డాక్షేపించెను. సూత్రప్రాప్తి నెఱిఁగితివే కాని శిష్టుల కిష్టమైన రూపము నెఱుఁగవని సూతుఁడు మందలించెను. భాష్యకారుఁడు సూతుని పక్షమే వహించెను. ఒక కథ జనులలో నేమగుచున్నదో కర్తకన్న జనులకే తెలియునని యభిమానులు దీనిఁ జూపవచ్చును. కాని సూతుఁడు పగ్గములు పట్టినవాఁడు. అభిమాని రథముపైఁ గూర్చున్నవాఁడు. రుచివిషయమున నాతని మాట ప్రమాణము; ఒడంబడిక విషయమునఁ గాదు.

2009 నాఁటి 'వాచ్‌మెన్' చలనచిత్రపు నామావళిలో మూలకథకు సహకర్తయుఁ జిత్రకారుఁడును డేవ్ గిబ్బన్సని మాత్రమే యున్నది. 'సహ' యనుట తోడివాని నపేక్షించును; ఆ తోడివాని పేరు అచట లేదు. పాణినీయులు దీనిని జదివినచో, ఇచటఁ గర్త లేఁడనరు, అనభిహితుఁడందురు.