కూల్ రూఫ్: స్లాబ్ ఇల్లు ఉడికిపోతోందా? పైన తెల్లరంగు వేసి చూడండి!

ఎండాకాలం వచ్చిందంటే చాలు.. జగిత్యాల జిల్లా నిప్పుల కొలిమే. 45 డిగ్రీలు దాటడం ఇక్కడ కొత్తేం కాదు. కొడిమ్యాల లాంటి ఊళ్లలో ఒకప్పుడు మట్టిగోడలు, గూన పెంకుల ఇళ్లే. స్లాబ్ పడితేనే ఇల్లు అన్న ఆలోచన వచ్చాక ఆ చల్లదనం పోయింది. కాంక్రీటు పగలంతా ఎండను పీల్చుకుని, రాత్రి ఆ వేడిని ఇంట్లోకి వదులుతుంది. అందుకే ఫ్యాన్ వేసినా వచ్చేది వేడిగాలే.

మరి దారేంటి? స్లాబ్‌పై ఎండను తిప్పికొట్టే తెల్లటి పెయింట్ వేయడం, లేదంటే తెల్ల టైల్స్ పరచడం. ఇదే కూల్ రూఫ్. కప్పు వేడెక్కడం తగ్గితే ఇల్లు చల్లబడుతుంది, ఏసీ, కూలర్ల కరెంటు బిల్లూ తగ్గుతుంది.

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లోనే కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. దాన్ని విడుదల చేసింది సిరిసిల్ల ఎమ్మెల్యే, అప్పటి మంత్రి కేటీఆర్. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు, ఆపై స్థలంలో కట్టే ఇళ్లకు ఇది తప్పనిసరి. అంతకంటే చిన్న ఇళ్లకు మాత్రం యజమాని ఇష్టం.

అసలు చిక్కు ఇక్కడే. ఊళ్లలో ఎక్కువగా ఉండేవి చిన్న ఇళ్లే. అంటే మారాల్సింది రూల్ కాదు, మన ఆలోచన. ముందు గోడలకు, గేటుకు రంగులేసి, మిగిలితే కప్పు సంగతి చూద్దాం అనుకుంటాం. కానీ ఎండ నేరుగా పడేది కప్పు మీదే కదా!

ఖర్చు చదరపు మీటరుకు సుమారు 300 రూపాయలని పాలసీ విడుదలప్పుడు చెప్పారు. ఆ లెక్కన 100 గజాల స్లాబుకు దాదాపు 25 వేలు. వేసేముందు పగుళ్లు పూడ్చాలి, స్లాబును శుభ్రంగా కడగాలి. ఆ తర్వాతా దుమ్ము పేరుకోకుండా చూసుకోవాలి. తెలుపు మాసిపోతే చల్లదనమూ తగ్గుతుంది.