పిప్పి మిగిలితేనే మిల్లుకు గిట్టుబాటు

పంచదార మిల్లు చేతిలో లేని ధరలు రెండున్నాయి. చెరకుకు చెల్లించవలసిన కనీస ధరను కేంద్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. పంచదార ధారణను బజారు నిర్ణయిస్తుంది. ఈ రెండింటి మధ్య మిల్లు తగ్గించుకోగలిగింది తయారీ ఖర్చు ఒక్కటే. ఆ ఖర్చులో మొదట చూడవలసినది నీటిని ఆవిరి చేసే పద్దు.

చెరకు రసంలో ఘనపదార్థం సుమారు 15 శాతం, మిగిలినదంతా నీరే. దీనిని 60 శాతం చిక్కదనం గల పాకంగా మార్చాలంటే 100 కిలోల రసం నుంచి 75 కిలోల నీరు పోవాలి. ఒక్క పాత్రలోనే మరిగిస్తే కిలో నీటికి ఇంచుమించు కిలో ఆవిరి ఖర్చవుతుంది. ఆ లెక్కన తీపి కన్నా ఇంధనమే ఖరీదవుతుంది.

ఈ చిక్కుకు దారి చూపిన ఇంజనీరు నోర్బెర్ రిలియూ. ఆయన 1806లో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో పుట్టారు. తండ్రి తెల్లజాతి వ్యక్తి, తల్లి నల్లజాతి సంతతికి చెందిన స్వేచ్ఛా మహిళ. రిలియూ పారిస్‌లో ఇంజనీరింగు చదివారు. అప్పట్లో లూసియానా తోటల్లో బానిసలు సలసల కాగే రసాన్ని ఒక పెనం నుంచి మరొక పెనానికి గరిటెలతో తోడిపోసేవారు. కట్టెలు విపరీతంగా కాలేవి, పంచదార మాడి రంగు మారేది. రిలియూ 1843లోనూ, 1846లోనూ పేటెంట్లు పొందిన పద్ధతి ఈ తీరును మార్చివేసింది.

ఆ పద్ధతిలో మూసిన పాత్రలు వరుసగా ఉంటాయి. బయటి నుంచి వచ్చే ఆవిరి మొదటి పాత్రను మాత్రమే వేడిచేస్తుంది. అక్కడ రసం నుంచి లేచిన ఆవిరి రెండవ పాత్రకు వేడినిస్తుంది. రెండవ దానిలో ఒత్తిడి తక్కువ గనుక రసం తక్కువ వేడికే మరుగుతుంది. చివరి పాత్రలో శూన్య స్థితి కల్పిస్తారు. నాలుగు పాత్రలుంటే కిలో ఆవిరితో దాదాపు నాలుగు కిలోల నీరు పోతుంది. అంటే 75 కిలోల ఆవిరి అవసరమైన చోట 20 కిలోల ప్రాంతంలో సరిపోతుంది. వేడి తగ్గడంతో పంచదార నష్టమూ, రంగు చెడడమూ తగ్గుతాయి. గింజ పరిమాణం, రంగు చూసి ఎస్-30, ఎం-30 గ్రేడులు కొనే వర్తకులకు ఈ లాభం వేరే చెప్పనక్కరలేదు.

నేటి మిల్లులు ఇదే సూత్రాన్ని మరింత సాగదీస్తున్నాయి. ఐదవ పాత్ర చేర్చడం, పాత్రల నుంచి కొంత ఆవిరిని తీసి రసం హీటర్లకూ, పంచదార పెనాలకూ మళ్లించడం, రసాన్ని గొట్టాల లోపలి గోడల వెంట పలుచని పొరగా జార్చడం ఇందులో ముఖ్యమైనవి. పాత మిల్లుల్లో చెరకు బరువులో 50 శాతానికి పైబడి ఉండే ఆవిరి వాడకం ఈ మార్పులతో 40 శాతానికీ, కొన్ని చోట్ల అంతకన్నా దిగువకూ వచ్చింది.

లెక్క కట్టి చూస్తే దీని విలువ తెలుస్తుంది. కిలో పిప్పి సుమారు 2.2 కిలోల ఆవిరినిస్తుంది. ఆవిరి 50 నుంచి 40 శాతానికి తగ్గితే టన్ను చెరకుకు 45 కిలోల పిప్పి మిగులుతుంది. రోజుకు 2,500 టన్నులు ఆడే మిల్లుకు ఇది 110 టన్నులు దాటుతుంది. 120 రోజుల సీజనులో 13,000 టన్నులకు పైమాటే. ఈ పిప్పికి గిరాకీ ఉంది. అధిక పీడన బాయిలర్లున్న మిల్లు విద్యుత్తు తయారుచేసి గ్రిడ్‌కు అమ్ముకోవచ్చు. లేదా కాగితం మిల్లులకు ఇవ్వవచ్చు. తమిళనాడు ప్రభుత్వం 1979లో నెలకొల్పిన న్యూస్‌ప్రింట్ సంస్థ పిప్పినే ముఖ్యమైన ముడిసరుకుగా ఎంచుకుంది.

అనకాపల్లి బజారుకు వచ్చే బెల్లం లెక్క వేరు. మూత లేని పెనంలో రసం కాస్తే లేచిన ఆవిరి గాలిలో కలుస్తుంది, ఆరబెట్టిన పిప్పి పొయ్యికే పోతుంది. శూన్య పాత్రలు కొనడం చిన్న రైతుకు సాధ్యం కాదు. అయితే పొయ్యి మీద రెండు మూడు పెనాలు వరుసగా అమర్చి, పొగతో పోయే వేడికి తరువాతి రసాన్ని కాచుకుంటే అక్కడా ఇంధనం కలిసివస్తుంది.

పాత్రలు పెంచిన కొద్దీ లాభం పెరుగుతూనే ఉండదు. ఒక్కొక్క పాత్రకూ దొరికే వేడి తేడా తగ్గుతుంది, పెట్టుబడి పెరుగుతుంది. గొట్టాల్లో పేరుకున్న పొలుసును తొలగించడానికి పని ఆపవలసి వస్తుంది. విద్యుత్తు కొనుగోలు ధర పడిపోతే యంత్రాలకు చేసిన అప్పు తీరడం ఆలస్యమవుతుంది.

అందుచేత మిల్లుకు అడ్వాన్సు ఇచ్చే వర్తకుడు రికవరీ శాతంతోపాటు ఆవిరి శాతమూ, సీజను చివర పిప్పి నిల్వా అడిగి తెలుసుకోవడం మంచిది. పంచదార ధారణ దిగజారిన ఏడాది ఏ మిల్లు నిలబడుతుందో ఈ రెండు అంకెలు ముందుగానే చెబుతాయి.