పాత పాటకు కొత్త ధ్వని: తీర్పు చెప్పేది ఏ చెవి?

1957లో మోనో ధ్వనితో వచ్చిన ‘మాయాబజార్’, 2010లో రంగులద్దుకొని డీటీఎస్ సరౌండ్‌లో మళ్లీ విడుదలైంది. ఇలాంటి మార్పు బాగుందో లేదో భిలాయి ఉక్కునగరంలోని తెలుగు ఇంట్లో తేల్చడమెలా?

5.1 అంటే ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్. ముందు కుడి, ఎడమ స్పీకర్లు మధ్యరేఖకు చెరో 30 డిగ్రీల్లో, వెనకవి 110 డిగ్రీల దగ్గర ఉండాలి. పాత, కొత్త పాటల బిగ్గరతనం సమానం చేయాలి. కాస్త బిగ్గరగా ఉన్నదే మేలనిపించడం చెవి నైజం. ఏది ఏదో చెప్పకుండా వినిపించాలి.

ఏళ్ల తరబడి యంత్రాల హోరులో పనిచేసిన చెవి సాధారణంగా ముందు 4,000 హెర్ట్జ్ దగ్గర మందగిస్తుంది. హల్లుల స్పష్టత అక్కడే దెబ్బతింటుంది. రిటైరైన కార్మికుడికి రెండు పాటల్లోనూ మాటలు మసకగా వినిపిస్తే, తప్పు మిక్సింగ్‌ది కాకపోవచ్చు. వినికిడి పరీక్ష చేయించండి. హోరువల్ల పోయిన వినికిడి తిరిగి రాదు; మిగిలినదాన్ని కాపాడుకోవచ్చు.