నేల తడవని లీకు

బండి ఆపిన చోట నేల మీద ఆయిల్ మరక లేకపోతే లీకేమీ లేదనుకుంటాం. ఇంజన్ విషయంలో ఈ లెక్క చాలావరకు సరిపోతుంది. నాలుగు చక్రాలకూ శక్తి అందే పికప్ ట్రక్కులో, గేర్‌బాక్సు వెనక ఉండే ట్రాన్స్‌ఫర్ కేసు దగ్గర మాత్రం ఇదే లెక్క యజమాని కొంప ముంచుతుంది. జనరల్ మోటార్స్ 1999–2007 మధ్య కాలంలో అమ్మిన షెవర్లే సిల్వరాడో, జీఎంసీ సియెరా ట్రక్కుల్లో కొన్ని రకాల ట్రాన్స్‌ఫర్ కేసులకు వచ్చే జబ్బే దీనికి ఉదాహరణ. అమెరికా మెకానిక్కులు దాన్ని ‘పంప్ రబ్’ అంటారు.

గేర్‌బాక్సు నుంచి వచ్చే శక్తిని వెనక ఇరుసుకూ, అవసరమైనప్పుడు ముందు ఇరుసుకూ పంచి ఇవ్వడం ట్రాన్స్‌ఫర్ కేసు పని. మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ ఫోర్-బై-ఫోర్‌లోనూ ఈ పని చేసే భాగం ఉంటుంది. సిల్వరాడో కేసు లోపల ఒక ప్లానెటరీ గేర్ల సముదాయం, ముందు షాఫ్టుకు శక్తిని మోసుకెళ్లే వెడల్పాటి గొలుసు, వీటన్నిటికీ కలిపి సుమారు రెండు లీటర్ల ఆయిల్ ఉంటాయి. ఆ రెండు లీటర్లనూ పైకి తోడి బేరింగులకు అందించేది ఒక చిన్న పంపు. తమాషా ఏమిటంటే, కేసును కాపాడాల్సిన ఆ పంపే దానికి చిల్లు పెడుతుంది.

పంపును బోల్టులతో బిగించరు. వెనక అవుట్‌పుట్ షాఫ్టు మీద అది వదులుగా కూర్చుంటుంది. షాఫ్టు తిరిగితే లోపలి రోటారు తిరుగుతుంది, దాంతోపాటు పంపు ఒళ్లంతా తిరగబోతుంది. తిరగకుండా ఆపడానికి పంపు అంచున చిన్న చెవుల్లాంటి కొసలు ఉంటాయి, అవి కేసు లోపలి గాడిలో ఆనుకుంటాయి. బండి కదిలినంతసేపూ షాఫ్టు అదురు ఆ కొసలకు పాకుతుంది. కొస కదిలేది వెంట్రుకవాసి దూరమే అయినా, లక్షల సార్లు కదులుతుంది. లోహశాస్త్రంలో ఈ తరహా అరుగుదలను ఫ్రెటింగ్ అంటారు. రాపిడికి పైపొర ఊడి, ఊడిన రజను ఆక్సైడుగా మారి, ఆ ఆక్సైడే ఆకురాయిలా మళ్లీ లోహాన్ని గీకుతుంది.

అరిగే వైపున ఉన్నది, అంటే కేసు, మెగ్నీషియం మిశ్రలోహం. దీని సాంద్రత ఘన సెంటీమీటరుకు దాదాపు 1.8 గ్రాములు, అల్యూమినియంది 2.7, ఉక్కుది 7.8. ట్రక్కు బరువు తగ్గించాలనుకునే ఇంజనీరుకు ఈ అంకెలు నోరూరించేవే. ఆ లోహాన్ని ఎంచుకోవడం తప్పని నేననను. అంత మెత్తని లోహం మీద బిగింపు లేని పంపును ఆనించి, మధ్యలో గట్టి పలక ఏదీ పెట్టకపోవడమే తప్పు.

చిల్లు సాధారణంగా కేసు వెనక సగంలో, పైభాగాన పడుతుంది. బండి నిలిచి ఉంటే ఆయిల్ మట్టం ఆ చిల్లుకు చాలా కింద ఉంటుంది కనుక ఒక్క చుక్కా కారదు. బండి పరుగెత్తేటప్పుడు గొలుసు, గేర్లు ఎగజిమ్మిన ఆయిల్ చిల్లులోంచి సన్నని తుంపరగా పోతుంది, గాలి దాన్ని వెనక్కి కొట్టుకుపోతుంది. ఛాసిస్ అడుగున జిగట మట్టి పేరుకోవడం తప్ప యజమానికి వేరే ఆనవాలు ఉండదు. ఆయిల్ అడుగంటాక బేరింగులు కాలిపోతాయి, గొలుసు సాగుతుంది.

అయితే ప్రతి లీకూ పంప్ రబ్ కాదు. అడుగుభాగం శుభ్రంగా కడిగి, కొంత దూరం నడిపి, తడిసిన చోటుల్లో అన్నిటికన్నా ఎత్తుగా, అన్నిటికన్నా ముందుగా ఉన్నదేదో చూడాలి. లీకు మొదలు అక్కడే. ఆయిల్ రంగు కూడా సాక్ష్యమిస్తుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిల్ ఎరుపు, ఈ ట్రక్కుల్లో ఆటోట్రాక్ అనే రకం ట్రాన్స్‌ఫర్ కేసులో పోసేది నీలం. కేసు మట్టం పెరిగి గేర్‌బాక్సు మట్టం తగ్గితే ఆ రెంటి మధ్య ఉన్న సీలు పోయినట్టే.

సీలు మార్చేముందు బ్రీదర్‌ను, అంటే వేడెక్కిన గాలి కేసు బయటికి పోయే చిన్న గొట్టాన్ని, చూడటం మరిచిపోకూడదు. 20 డిగ్రీల దగ్గర మూసుకుపోయిన కేసు 100 డిగ్రీలకు వేడెక్కితే లోపలి గాలి పీడనం దాదాపు 27 శాతం పెరుగుతుంది. ఆ ఒత్తిడికి కొత్త సీలు కూడా కారుతుంది. మట్టితో పూడుకున్న ఆ గొట్టం కోసం మంచి సీళ్లు పారేసేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

సీలు పెదవి షాఫ్టును నేరుగా రాసుకోదు, మధ్యలో పలుచటి ఆయిల్ పొర ఉంటుంది. పెదవికి రెండు వైపులా వాలు ఒకేలా ఉండదు. ఆ తేడా వల్ల, పెదవి మీది అతిసూక్ష్మమైన ఎగుడుదిగుళ్ల వల్ల, షాఫ్టు తిరిగినప్పుడు బయటికి రాబోయే ఆయిల్ మళ్లీ లోపలికే తోసుకుపోతుంది. వేడికి రబ్బరు గట్టిపడితే ఆ తోపుడు ఆగిపోతుంది. సీలు మార్చడానికి ప్రొపెల్లర్ షాఫ్టు విప్పేముందు సుద్దతో గుర్తు పెట్టుకుంటే బ్యాలెన్సు చెడదు. సీలు కూర్చునే చోట షాఫ్టు మీద మెరిసే ఉంగరంలాంటి గీత కనిపిస్తుంది. దాని మీద గోరు అడ్డంగా లాగినప్పుడు తగులుకుంటే కొత్త సీలు ఒక్కటీ చాలదు. పలుచటి స్టీలు స్లీవు తొడగాలి, లేదా ఆ భాగాన్నే మార్చాలి.

పంప్ రబ్ చిల్లుకు ఎపాక్సీ పూత ఇంటికి చేరేదాకా పనికొస్తుంది, అంతే. లోపల కొస గీకుతూనే ఉంటుంది కదా! వెల్డింగుకు ఆయిల్ పీల్చిన పాత మెగ్నీషియం సరిగా లొంగదు. దాని రజను అంటుకుంటే నీళ్లు పోయకూడదు, హైడ్రోజన్ పుట్టి మంట ఇంకా చెలరేగుతుంది. కేసు దించి, వెనక సగం మార్చి, పంపు కొసకూ కేసుకూ నడుమ ఉక్కు కవచం ఉండే మార్పు భాగం వేయడమే నిలిచే మరమ్మతు.

కేసు ఆయిల్ మార్చేటప్పుడు, పాతది తీసేముందు పోసే ప్లగ్గును విప్పి చూడాలి. అది బిగుసుకుపోయి ఉంటే, ఉన్న ఆయిల్ ఒలకబోసుకుని కూర్చోవాల్సి వస్తుంది. ప్లగ్గులు బిగించేటప్పుడు బలం చూపించకూడదు, మెగ్నీషియం మరలు ఇట్టే ఊడతాయి. చదునైన నేల మీద, ఆయిల్ రంధ్రం అంచు దాకా వచ్చి కారబోయేవరకు నింపాలి. తీసిన పాత ఆయిల్‌ను తెల్లటి పళ్లెంలో పోసి అయస్కాంతం తిప్పితే, గొలుసు, బేరింగుల ఉక్కు రజను దానికి అంటుకుంటుంది. అంటుకోకుండా బూడిదరంగులో మిలమిల్లాడే పొడి మిగిలితే అది మెగ్నీషియం కావచ్చు. అలాంటి ట్రక్కుకు ఇంకా చిల్లు పడకపోయినా కేసు విప్పి పంపు కొస చూడటం మంచిది.