మొయిరాంగ్‌లో మూడు మాటలు

మణిపూర్ రాజధాని ఇంఫాల్‌కు సుమారు 45 కిలోమీటర్ల దూరంలో, లోక్‌తాక్ సరస్సు సమీపాన మొయిరాంగ్ అనే చిన్న పట్టణం ఉంది. ఆజాద్ హింద్ ఫౌజ్ స్మారక ప్రదర్శనశాల అక్కడే ఉంది. పెద్ద భవనమేమీ కాదు. ఫోటోలు, ఉత్తరాలు, సైనికుల హోదాలను తెలిపే బ్యాడ్జీలు, నేతాజీ విగ్రహం - ఇవన్నీ గంటలో చూసి రావచ్చు. మేము 2019లో వెళ్లినప్పుడు వెంట వచ్చినవారు ఒక పంగల్ మౌల్వీ సాహెబ్. మణిపురీ మాతృభాషగా గల ముస్లింలను పంగల్‌లు అంటారు. ఆయనకు తెలుగు రాదు, మాకు మణిపురీ రాదు. మమ్మల్ని కలిపినది ఉర్దూ.

1944లో ఆజాద్ హింద్ ఫౌజ్ జపాన్ సేనలతో కలిసి బర్మా సరిహద్దు దాటి వచ్చింది. ఏప్రిల్ 14న మొయిరాంగ్‌లో కర్నల్ షౌకత్ అలీ మలిక్ త్రివర్ణ పతాకాన్ని ఎగురవేశారు. ఆయనకు అండగా నిలిచిన స్థానికులలో మైరెంబం కొయిరెంగ్ సింగ్ ఒకరు. ఆయనే తరువాత మణిపూర్ తొలి ముఖ్యమంత్రి కావడం గమనార్హం. మన పిల్లలలో ఎంతమందికి షౌకత్ అలీ మలిక్ పేరు తెలుసు?

మన హైదరాబాద్‌కు కూడా ఈ చరిత్రలో వాటా ఉంది. 1943లో నేతాజీ జర్మనీ నుండి జలాంతర్గామిలో ప్రాణాలకు తెగించి బయలుదేరినప్పుడు వెంట ఉన్న ఏకైక భారతీయుడు హైదరాబాద్ వాసి ఆబిద్ హసన్. 'జైహింద్' నినాదం ఆయన ఇచ్చినదేనని ప్రసిద్ధి.

ఫౌజ్ అమరుల కోసం 1945 జూలై 8న నేతాజీ సింగపూర్‌లో ఒక స్మారక చిహ్నానికి శంకుస్థాపన చేశారు. కొద్ది నెలలకే తిరిగి వచ్చిన బ్రిటిష్ వారు దానిని పడగొట్టించారు. దాని నమూనానే మొయిరాంగ్‌లో మళ్లీ నిర్మించారు. ఇత్తెఫాక్, ఏతమాద్, ఖుర్బానీ - ఇవే ఆ ఫౌజ్ ఆదర్శంగా పెట్టుకున్న మూడు మాటలు. మొదటి మాటను కొందరు ఇత్తెహాద్ అని కూడా రాస్తారు. ఐకమత్యం, నమ్మకం, త్యాగం అని వీటి భావం.

ఐకమత్యాన్ని గురించి సభలలో అందరూ చెబుతారు. త్యాగాన్ని గురించి కవులు రాస్తారు. నడుమ ఉన్న ఏతమాద్‌ను మాత్రం తరచు మరచిపోతాము. పక్కవాడిపై నమ్మకం లేనిదే ఐకమత్యం నిలవదు, త్యాగం ఫలించదు. బ్రిటిష్ సైన్యంలో మతానికో వంటశాల ఉండేది. ఆజాద్ హింద్ ఫౌజ్‌లో హిందూ, ముస్లిం, సిక్కు సైనికులు ఒకే వంటశాలలో భోజనం చేశారు. ఏతమాద్ అంటే అదే.

ఇంఫాల్ పోరులో ఫౌజ్ గెలవలేదు. వానలు, ఆకలి, వ్యాధుల మధ్య వెనుదిరిగింది. అయినా 1945 నవంబరులో ఎర్రకోటలో షానవాజ్ ఖాన్, ప్రేమ్ కుమార్ సెహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్‌లపై ఒకే విచారణ మొదలైనప్పుడు దేశమంతా మతభేదం లేకుండా ఒక్కటై నిలిచింది. యుద్ధంలో ఓడినా ఆ మూడు మాటలు ఓడలేదు.

నేడు ఆ మాటలు ఉన్న నేలపైనే నమ్మకం చెదిరింది. 2023 మే నుండి మణిపూర్‌లో మైతేయి, కుకీ వర్గాల మధ్య చెలరేగిన హింసలో 250 మందికి పైగా మరణించారు. వేలాది కుటుంబాలు శిబిరాల పాలయ్యాయి. 2024 సెప్టెంబరు 6న మొయిరాంగ్‌లో ఆ కొయిరెంగ్ సింగ్ ఇంటి ఆవరణలోనే రాకెట్ పడి ఒక వృద్ధుడు ప్రాణాలు కోల్పోయారు. నాడు జెండాకు తోడు నిలిచిన మనిషి ఇల్లది!

సింగపూర్‌లో కూలిన రాయిని మొయిరాంగ్‌లో మళ్లీ నిలబెట్టగలిగారు. మనుషుల మధ్య కూలిన నమ్మకాన్ని నిలబెట్టడం అంత సులువు కాదు. అది ప్రభుత్వాలతో మాత్రమే అయ్యే పని కూడా కాదు. పొరుగువారితో మన పలకరింపులో, ఇచ్చిన మాట నిలుపుకోవడంలో, ఒకే పళ్లెంలో పంచుకునే అన్నంలో అది మొదలవుతుంది. ఈ మూడు మాటలను ఇంట్లో పిల్లలకు నేర్పేటప్పుడు నడిమి మాట దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం.