పురుగుమందు సోకితే ఒంటిలో జరిగేది

ప్రత్తిపాడు పరిసరాలలో పత్తికి, మిరపకు మందు కొట్టే దినాలలో మా మదరసా పిల్లల బట్టల నుండి కూడా ఆ వాసన వస్తుంటుంది. కొన్నేళ్ళ క్రితం రమజాను వానాకాలంలో వచ్చింది. ఒక విద్యార్థి తండ్రి ఉపవాసంతోనే పగలంతా పత్తిచేలో మందు కొట్టి, అసర్ వేళకు ఇంటి అరుగుపై కూలబడ్డాడు. కళ్ళ నీరు, ఒళ్ళంతా చెమట, నోటి వెంట చొంగ. ఉపవాస నీరసమని ఇంటివారన్నారు; నేనూ అలాగే తలచాను. ఇఫ్తార్‌కు గంటే ఉందని ఆయన ఆసుపత్రికి రానన్నాడు. రోగికి ఉపవాసం విరమించే అనుమతి ఉన్నదని బోధించే నేనే ఊరకున్నాను. ఉపవాసి నోరు ఎండుతుందే గాని ఊరదన్న సంగతి ఆ క్షణాన తట్టలేదు. మగ్రిబ్ తర్వాత ఆయాసం మొదలైతే తీసుకుపోయారు. అల్లాహ్ దయవల్ల బ్రతికాడు.

గుండె వేగాన్ని తగ్గించడం, లాలాజలం ఊరించడం, పేగులను కదిలించడం, కంటిపాపను చిన్నది చేయడం పారాసింపథెటిక్ నాడుల పని. ఎసిటైల్‌కోలిన్ అనే ద్రవ్యం ద్వారా అవి ఆజ్ఞలు పంపుతాయి. నాడి రసాయనం ద్వారానే గుండెను శాసిస్తుందని 1921లో ఆటో లోవీ కప్ప గుండెలపై నిరూపించాడు. పని ముగిసిన వెంటనే ఆ ద్రవ్యాన్ని ఒక ఎంజైము విరిచివేస్తుంది. మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు ఆ ఎంజైమునే బంధిస్తాయి. ఇక ఆజ్ఞ ఆగదు: పాప సూదిమొనంత అవుతుంది, వాంతులు, విరేచనాలు, కండరాల అదురు; ఊపిరితిత్తులు స్రావంతో నిండుతాయి. ప్రాణం తీసేది ఎక్కువగా శ్వాసకు కలిగే ఈ ఆటంకమే.

విచిత్రమేమంటే, ఈ శక్తినే వైద్యులు కొలిచి వాడుతారు. కంటి ఒత్తిడికి పైలోకార్పిన్ చుక్కలు, కండరాల బలహీనత తెచ్చే మయస్థీనియాకు పిరిడోస్టిగ్మిన్ మాత్రలు ఈ కోవలోనివే.

విషానికి విరుగుడు అట్రోపిన్ సూది. ఊపిరితిత్తులలో స్రావం ఆరేవరకు వైద్యులు మళ్ళీ మళ్ళీ ఇస్తారు. ఉమ్మెత్తలోనూ అట్రోపిన్ వంటి ద్రవ్యాలున్నాయి గదా అని ఇంట్లో నూరి పోయరాదు. అది వేరొక విషం.

మందు చర్మం గుండా కూడా ఎక్కుతుంది. నోటికి గుడ్డ కట్టుకున్నంత మాత్రాన, పంపు కారి వీపు తడిసినవానికి రక్షణ లేదు. మందు సోకినవాని బట్టలు వెంటనే విప్పి, చేతులకు తొడుగులు వేసుకొని, సబ్బునీటితో ఒళ్ళు కడగాలి. వాంతి చేయించరాదు, పాలో మజ్జిగో పట్టరాదు; ఎడమపక్కకు పడుకోబెట్టి 108కి ఫోను చేయాలి. మందు డబ్బాను, లేదా దాని చీటీని వైద్యునికి చూపాలి. చీటీపై ఎర్ర త్రికోణముంటే అది అత్యంత విషపూరితం.

ఖాళీ డబ్బా ఇంటిలోనికి రానేరాదు. 2013 జూలైలో బీహారులోని సారణ్ జిల్లా బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పసిబిడ్డలు మరణించారు. వంటనూనెలో కలిసింది మోనోక్రోటోఫాసే.