పరాయివాడి ముఖం: తెలుగు జానపద చిత్రాలలో మాంత్రిక పాత్రధారణ – ధర్మవరం రంగస్థల నేపథ్యం

వ్యాససంగ్రహం:
తెలుగు జానపద చలనచిత్రాలలో మాంత్రికుడి పాత్రను ఛాయాగ్రహణ చమత్కారాలకు అనుబంధంగా చూడడం పరిపాటి. ఆ పాత్ర బలం నటుడి ఆలోచనలో, అంటే పరాయివాడికి ఒక న్యాయమైన కోరికను కల్పించి దానిని నమ్మడంలో ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 'పాతాళభైరవి'లో ఎస్.వి. రంగారావు పాత్రధారణ ఇందుకు ప్రధాన ఆధారం. ధర్మవరం ప్రాంతపు నాటక, తోలుబొమ్మలాట సంప్రదాయాలు నేపథ్యం.

కీలకపదాలు: మాంత్రికుడు, జానపద చిత్రం, ఎస్.వి. రంగారావు, బళ్ళారి రాఘవ, ధర్మవరం, తోలుబొమ్మలాట.

1. ఉపోద్ఘాతం

హిందూపురం శాసనసభ స్థానం నుండి ఎన్.టి. రామారావు 1985, 1989, 1994 ఎన్నికలలో గెలుపొందారు. 2014 నుండి ఆ స్థానానికి ఆయన కుమారుడు బాలకృష్ణ ప్రాతినిధ్యం వహిస్తున్నారు. తండ్రి 'పాతాళభైరవి' (1951) కథానాయకుడు. కొడుకు 'భైరవద్వీపం' (1994) కథానాయకుడు. రెండు తరాల జానపద వీరులను ఎన్నుకున్న ఊరుగా హిందూపురాన్ని చెప్పుకోవడం కద్దు. అయితే ఆ వీరులను వీరులుగా నిలబెట్టిన మాంత్రికుల గురించి చర్చ తక్కువ. తోట రాముడికి సాహసం చేసే అవసరం కల్పించినవాడు నేపాళ మాంత్రికుడే. అతడు ఉజ్జయినికి రాకపోతే తోటమాలి కొడుకు కథ రాకుమారి మీది ప్రేమ దగ్గరే ఆగిపోయేది.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలు బెంగళూరు–గుంతకల్లు రైలుమార్గంలో వరుసగా వచ్చేవి. నేడు మూడూ శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. తెలుగు మాంత్రిక పాత్రను అర్థం చేసుకోవడానికి ఈ సీమ రెండు విధాల ఉపకరిస్తుంది. ఆధునిక తెలుగు నాటకానికి పునాది వేసినవారిలో ఒకరు ధర్మవరంలో పుట్టారు. ఆ ఊరి పొలిమేరలోనే తోలుబొమ్మల గ్రామం నిమ్మలకుంట ఉంది.

2. మాంత్రికుడు ఎక్కడినుంచి వస్తాడు?

తెలుగు కథలలో మాంత్రికుడు సొంత ఊరివాడు కాడు. బాలనాగమ్మను ఎత్తుకుపోయినవాడు మాయల మరాఠీ. కొన్ని కథనాలలో మాయల ఫకీరు. 'పాతాళభైరవి'లోనివాడు నేపాళంనుంచి వచ్చినవాడు. పేరులోనే పరాయితనం ఉంది. ఈ పేర్లకు చరిత్రలో కొంత ఆధారాన్ని ఊహించవచ్చు. 1565 తర్వాత విజయనగర రాజధాని పెనుకొండకు మారింది. అక్కడినుంచి ఈ సీమ వరుసగా పొరుగు సైన్యాల రాకపోకలను చూసింది. 18వ శతాబ్దంలో గుత్తిని ఏలిన మురారిరావు ఘోర్పడే మరాఠా సర్దారు. అర్థంకాని భాష మాట్లాడుతూ గుర్రాలమీద వచ్చేవాడిని కథలో మంత్రగాడిగా మార్చుకోవడం జానపదుని ఊహకు కష్టమైన పని కాదు. ఇది నిరూపణ కాదు, సంభావ్యత మాత్రమే. విచిత్రమేమిటంటే, ఈ ప్రాంతంలో రామాయణ భారతాలను తెలుగులో ఆడించే తోలుబొమ్మలాట కుటుంబాలు ఇళ్ళలో మాట్లాడుకునేది మరాఠీకి చెందిన మాండలికమే.

పరాయివాడిని నటించడంలో ఒక సులువు, ఒక ప్రమాదం ఉన్నాయి. వేషం, కేక, వికటాట్టహాసం చాలు, ప్రేక్షకుడు భయపడతాడు. అదే సులువు. ఆ భయం ఒక రీలు దాటి నిలవదు. అదే ప్రమాదం. 1942లో జెమినీవారి 'బాలనాగమ్మ'లో మాయల మరాఠీగా నటించిన గోవిందరాజుల సుబ్బారావు రంగస్థలంమీద రాటుదేలినవారు. అతిలోక పాత్రకు లోకంలోని మనిషి అలవాట్లను అద్దిన తొలి తెర మాంత్రికుడిగా ఆయనను పరిగణించవచ్చు.

3. ధర్మవరం, రాఘవ

'ఆంధ్ర నాటక పితామహుడు'గా ప్రసిద్ధి చెందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1853లో ధర్మవరంలో జన్మించారు. బళ్ళారిలో న్యాయవాద వృత్తిలో ఉంటూ సరసవినోదినీ సభ ద్వారా నాటకాలను ప్రదర్శించారు. 'విషాద సారంగధర'తో తెలుగులో విషాదాంత నాటకానికి దారి తీశారు. మంగళాంతమే నియమంగా ఉన్న కాలంలో ఇది చిన్న మార్పు కాదు. కథ చివర ఓడిపోయే మనిషిని కూడా పూర్తిగా అర్థం చేసుకోవలసిన బాధ్యత దీనితో నటుడిమీద పడింది.

ఆ బాధ్యతను తలకెత్తుకున్నవారు ఆయన మేనల్లుడు, తాడిపత్రిలో 1880లో జన్మించిన బళ్ళారి రాఘవ. ప్రేక్షకులు 'వన్స్ మోర్' అంటే చచ్చిన పాత్ర లేచి పద్యం పాడే రోజులలో రాఘవ పద్యాన్ని తగ్గించి భావాన్ని ముందుకు తెచ్చారు. షేక్స్పియర్ నాటకాలను శ్రద్ధగా అధ్యయనం చేశారు. పాత్ర మంచిదా చెడ్డదా అన్నది కాక, ఆ పాత్రకు ఏమి కావాలన్నది ఆయన నటనకు కేంద్రం. యౌవనంలో రాఘవ, గోవిందరాజుల సుబ్బారావుల నటన చూసి రంగారావు ప్రభావితులయ్యారని ఆయన జీవితాన్ని రాసినవారు పేర్కొన్నారు. 'పాతాళభైరవి' దర్శకుడు కె.వి. రెడ్డి కూడా తాడిపత్రివారే. నేపాళ మాంత్రికుడి శిష్యుడు సదాజపుడిగా నటించిన పద్మనాభం కడప జిల్లా సింహాద్రిపురంలో పుట్టినవారు. ఈ పొందికను ప్రాంతాభిమానంతో అతిగా సాగదీయడం తగదు; చిత్రరచన పింగళి నాగేంద్రరావుది, నిర్మాణం మద్రాసులో నాగిరెడ్డి–చక్రపాణులది. అయినా రాయలసీమ రంగస్థలం పెంచిన నటనాదృష్టి ఆ చిత్రంలో పరోక్షంగా పనిచేసిందనడానికి అవకాశం ఉంది.

4. నేపాళ మాంత్రికుడు

1918లో నూజివీడులో పుట్టిన సామర్ల వెంకట రంగారావు అగ్నిమాపక శాఖలో ఉద్యోగం చేశారు. తొలి చిత్రం 'వరూధిని' ఆడకపోవడంతో జంషెడ్‌పూరులో టాటా సంస్థలో చేరారు. తిరిగివచ్చి 'షావుకారు' (1950)లో సున్నం రంగడిగా మెప్పించారు. ఆ చిత్రంలో షావుకారు చెంగయ్య గోవిందరాజుల సుబ్బారావే. మాయల మరాఠీ, రాబోయే నేపాళ మాంత్రికుడు ఒకే చిత్రంలో ఇరుగుపొరుగు మనుషులుగా కనిపిస్తారు. మరుసటి ఏడు మార్చి 15న 'పాతాళభైరవి' విడుదలైంది. అప్పటికి రంగారావు వయసు 32 ఏళ్ళు, కథానాయకుడి వయసు 27. ఇద్దరిమధ్య ఐదేళ్ళ తేడా. తెరమీద కనిపించేది మాత్రం ఒక జీవితకాలం సాధనచేసి అలసిన గురువు, లోకం తెలియని కుర్రవాడు. ఆ దూరాన్ని గడ్డం ఒక్కటే సృష్టించలేదు.

రంగారావు యువకుడిగా వేదికలమీద 'వెనిస్ వర్తకుడు' లోని షైలాక్‌ను అభినయించారు. మాంత్రికుడి కదలికలలో షైలాక్ ఛాయలున్నాయని సినీ విమర్శకులు తరచు ప్రస్తావిస్తారు. ఈ పోలికను ఆంగికానికే పరిమితం చేస్తే అసలు విషయం తప్పిపోతుంది. షైలాక్ కూడా పరాయివాడే. తనకు రావలసినదాన్నే తాను అడుగుతున్నానని నమ్మేవాడు. నేపాళ మాంత్రికుడి దృష్టిలో తోట రాముడిమీద పగ లేదు, ద్వేషం లేదు. సకల లక్షణాలున్న సాహసిని బలి ఇస్తే దేవి ప్రసన్నమవుతుంది. ఆ లక్షణాలు ఈ కుర్రవాడిలో ఉన్నాయి. అంతే. అందుకే అతడు రాముణ్ణి చూసే చూపులో మెచ్చుకోలు ఉంటుంది. సంతలో మంచి పొట్టేలును చూసినవాడి మెచ్చుకోలు అది. 'డింభకా' అనే పిలుపును రంగారావు ముద్దుగానే పలుకుతారు. ఆ ముద్దులోనే ప్రేక్షకుడికి వెన్ను జలదరిస్తుంది. పింగళి ఇచ్చిన మాట సంస్కృత నిఘంటువులోది. దానికి గురువాత్సల్యాన్ని, కసాయి లెక్కను ఒకేసారి తొడిగింది నటుడు.

మొసలి రూపంనుంచి విముక్తి పొందిన యువతి హెచ్చరికతో రాముడు మాంత్రికుణ్ణే బలి ఇస్తాడు. సదాజపుడు మూలికతో గురువును బతికిస్తాడు. సాధారణ నటుడు ఇక్కడినుంచి ప్రతీకారాన్ని పట్టుకుంటాడు. రంగారావు పట్టుకున్నది ఆశను. విగ్రహం చేజిక్కాక మాంత్రికుడు రాజ్యాన్ని కాక ఇందుమతిని కోరుకుంటాడు. ఆమె మెప్పుకోసం, సదాజపుడి వేషంలో ఉన్న అంజిగాడి మాట నమ్మి, తన శక్తికి నిలయమైన గడ్డాన్ని తీయించుకుంటాడు. హాస్యంగా తోచే ఈ ఘట్టమే పాత్రకు గీటురాయి. కొండంత మాంత్రికుడు ఒక్క క్షణం పెళ్ళిచూపులకు సిద్ధపడే నడివయసు మనిషి అవుతాడు. నవ్వుతూనే ప్రేక్షకుడు అతడి గురించి కాస్త దిగులుపడతాడు. జాలి పుట్టించడం మాంత్రిక పాత్రధారికి భయం పుట్టించడం కన్నా కష్టం.

మార్కస్ బార్ట్లీ ఛాయాగ్రహణం, గోఖలే–కళాధరుల కళ ఈ చిత్రానికి చేసిన మేలు నిర్వివాదం. 1952లో బొంబాయిలో ప్రారంభమైన తొలి భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఈ చిత్రం ప్రదర్శితమైంది. ఆనాటి మాయలలో కొన్ని నేడు పసితనంగా కనిపిస్తాయి. మాంత్రికుడి ముఖం మాత్రం పాతబడలేదు.

5. ఎదుటివాడు లేని మాంత్రికుడు

ఇదే ప్రశ్న మరో దేశంలో మరోవిధంగా ఎదురైంది. 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' (2001–2003) చిత్రాలలో గాండాల్ఫ్ అనే మాంత్రికుడిగా నటించిన ఇయాన్ మెకెల్లెన్ కూడా షేక్స్పియర్ రంగస్థలంనుంచి వచ్చినవారే. అదే పాత్రతో 'ది హాబిట్' (2012) చేసినప్పుడు కొన్ని దృశ్యాలలో ఆయన ఎదుట నటులు లేరు. పదముగ్గురు మరుగుజ్జుల ఛాయాచిత్రాలను నిలబెట్టి, ఎవరు మాట్లాడితే వారి దగ్గర దీపం వెలిగేలా అమర్చారు. ఆ ఒంటరితనంలో కన్నీరు పెట్టుకున్నానని, తాను నటుడైంది మనుషులతో కలిసి నటించడానికేనని ఆయన తర్వాత చెప్పుకున్నారు. మహత్తు గల మాంత్రికుడిగా పేరుపొందిన నటుడు తన పాత్రకు ఊపిరి ఎదుటి నటుడి కళ్ళలో ఉందని గుర్తించడం గమనార్హం. నేపాళ మాంత్రికుడి 'మెచ్చుకోలు చూపు'కు రామారావు ముఖం ఎదురుగా ఉంది. రంగారావు వలవేసేకొద్దీ రామారావు అమాయకంగా నమ్ముతారు. ఆ నమ్మకమే మాంత్రికుణ్ణి మరింత పెద్దవాణ్ణి చేస్తుంది.

'భైరవద్వీపం' తీసిన సింగీతం శ్రీనివాసరావు కె.వి. రెడ్డి వద్ద శిక్షణ పొందినవారు. ఆ చిత్రంలో విజయ రంగరాజు మాంత్రికుడు గంభీరుడే, భయంకరుడే. కాని కథ అతడికి వీరుణ్ణి మోహించే అవకాశం, ఆశపడి నవ్వులపాలయ్యే అవకాశం ఇవ్వలేదు. లోపాన్ని నటుడిమీదికంటే రచనమీద వేయడం న్యాయం.

6. నిమ్మలకుంట తెర

తోలుబొమ్మలాటలో భీకరపాత్ర పక్కన హాస్యపాత్ర తప్పదు. రావణుడు తెరమీద ఉండగానే జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చిపోతారు. మాంత్రికుడి వెంట సదాజపుణ్ణి నడిపించిన 'పాతాళభైరవి' ఈ లెక్కను ఎరిగినదే. భయాన్ని నవ్వు మధ్యలో తెంపితేనే తర్వాతి భయం పదునెక్కుతుందని ఆటగాళ్ళకు అనుభవంతో తెలుసు. తోలుబొమ్మకు ముఖకవళికలు మారవు. బొమ్మను తెరకు ఆనిస్తే గీత స్పష్టమవుతుంది. వెనక్కి జరిపితే రూపం మసకబారి పెరుగుతుంది. మిగిలిన కోపం, లాలన, ఎత్తుగడ అంతా ఆడించేవాడి గొంతులో, కాలికింద చెక్కల చప్పుడులో ఉండాలి. ఒకే మనిషి రాముడికీ రావణుడికీ గొంతు ఇస్తాడు. ఎవరి పక్షం వహించినా ఆట చెడుతుంది.

ధర్మవరం మండలంలోని నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది. గ్రామంలో తోలుపని సాగుతూనే ఉంది. అయితే నేడు ఆ తోలులో ఎక్కువ భాగం దీపాల గొడుగులుగా, గోడకు వేలాడే పటాలుగా మారి పట్టణాలకు వెళ్తోంది. రావణుడి బొమ్మ ఇప్పటికీ కొనుగోలుదారుకు దొరుకుతుంది. పదితలలూ రంగులతో, రంధ్రాలతో చక్కగానే ఉంటాయి. రాత్రంతా సాగే ఆటలో ఆ రావణుడికి ఒక కోరిక ఉందని ఊరివారిని నమ్మించే గొంతు మాత్రం ఆ బొమ్మతోపాటు రాదు.